రాయీ సున్నమూ: కొండవీటి దుర్గం మీద మీ ఉత్తరాలు

కిందటి నెల ఈ శీర్షికలో కొండవీటి దుర్గం గురించి ఒక పేజీ రాశాను. కోటను మళ్ళీ కట్టాలన్న ఆరాటం మాని, ముందు గోడల నెత్తిన పడిన వాన నీరు లోపలికి దిగకుండా చూడండి అన్నది అందులో సారాంశం. వచ్చిన ఉత్తరాల్లో మెచ్చుకున్నవి తక్కువ, కొట్లాడినవి ఎక్కువ. నేను పాత కట్టడాల మరమ్మతు పనులకు సూపర్‌వైజరుగా చేసి రిటైరైన మనిషిని, చరిత్ర ఆచార్యుణ్ణి కాను. రాజుల గురించి అడిగినా నా చూపు గోడ మీదికే పోతుంది. సర్దుకోండి.

ప్రశ్న: పిల్లలను కొండవీడు తీసుకువెళ్ళాం. ‘ఈ కోట ఎవరిది సార్?’ అని ఒక అమ్మాయి అడిగింది. రెడ్డి రాజులది అన్నాను. మా తోటి ఉపాధ్యాయుడు గజపతులది అన్నారు. కొండ దిగాక టీ కొట్టు ఆయన నవాబులది అన్నాడు. పిల్లలకు ఏమని చెప్పమంటారు?
— సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు, చిలకలూరిపేట

ముగ్గురూ నిజమే చెప్పారు మాస్టారూ. కాకపోతే తలా ఒక ముక్క చెప్పారు.

1323లో ఓరుగల్లు పడిపోయాక కోస్తాలో నిలదొక్కుకున్నవాళ్ళలో ప్రోలయ వేమారెడ్డి ఒకడు. 1325 ప్రాంతంలో అద్దంకి రాజధానిగా పాలన మొదలుపెట్టాడు. అద్దంకి చుట్టూ మైదానం. ఆయన కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. ఆ తరవాత అనవేముడు, కుమారగిరి, పెదకోమటి వేముడు, చివర రాచవేముడు. 1424 నాటికి ఆ వంశం పాలన కొండవీట ముగిసింది. అంటే మనం రెడ్డి రాజుల కోట అని గర్వంగా చెప్పుకునే కాలం మొత్తం నూరేళ్ళు, అందులో కొండవీడు రాజధానిగా ఉన్నది డెబ్బై ఏళ్ళ పైచిలుకు. శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నది ఇక్కడే, పెదకోమటి వేముడి కొలువులో.

తరవాత విజయనగరం వారు, 15వ శతాబ్దం నడిమికి ఒడిశా గజపతులు. 1515 జూన్‌లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి దుర్గాన్ని పట్టుకున్నాడు. ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుడు అక్కడే చిక్కాడు. తిమ్మరుసు మేనల్లుడు నాదెండ్ల గోపన ఈ సీమను ఏలాడు. 16వ శతాబ్దం చివరికి గోల్కొండ కుతుబ్‌షాహీల చేతికి వచ్చి ముర్తజానగర్ అనే పేరు పెట్టించుకుంది. ఆపైన మొగలులు, నిజాం, నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు. 1788లో గుంటూరు సర్కారుతో పాటు ఇంగ్లీషు కంపెనీకి దక్కింది. ఫిరంగుల కాలం ముదిరాక కొండ మీద కాపురం ఎవరికీ అక్కరలేకపోయింది. కోటను శిథిలం చేసింది శత్రువులకన్నా ఎక్కువగా ఆ అక్కరలేనితనమే.

ఈ పట్టిక పిల్లలు మరిచిపోతారు. ఈసారి వెళ్ళినప్పుడు గోడ చూపించండి. మన గిరిదుర్గాల్లో చాలాచోట్ల అడుగు వరసలు పెద్ద పెద్ద బండలు, ఒకదాని మీద ఒకటి పొందిగ్గా కూర్చోబెట్టినవి, నడుమ సున్నం ఉండదు. తలెత్తి చూస్తే పైన మూడు నాలుగు అడుగుల మేర చిన్న రాళ్ళు, ధారాళంగా సున్నం, తుపాకీ పెట్టుకునే కంతలు. కింది గోడ బాణాల కాలానిది, పైది మందుగుండు వచ్చాక ఎత్తు పెంచినది. ఆ రెండింటి నడుమ అడ్డంగా ఒక గీత కనిపిస్తుంది. ఆ గీత దగ్గర నిలబెట్టి, ‘ఇక్కడికి ఒకాయన కట్టాడు, ఇక్కడి నుంచి ఇంకొకాయన కట్టాడు’ అనండి. ఎవరిది సార్ అని మళ్ళీ అడగరు.

ప్రశ్న: మాది మెట్ట వ్యవసాయం. బోరు వేస్తే నీరు పడని చోట ఉన్నాం. అంత ఎత్తున కొండ మీద అంత సైన్యం, పరివారం ఏం తాగి బతికారు?
— ఒక రైతు, నరసరావుపేట

మీరు అడగాల్సిన ప్రశ్నే అడిగారు. కొండ మీద కోట కట్టేవాడు ముందు చూసేది గోడ ఎక్కడ కట్టాలని కాదు, నీరు ఎక్కడ ఆగుతుందని. కొండవీటి మీద మూడు చెరువులున్నాయి: ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు. ఊట కోసం తవ్వలేదు, వాననే పట్టుకున్నారు. కొండ రాయి నీటిని తాగదు. పడిందంతా జారుతుంది. శిఖరాల నడుమ పల్లంలో కట్ట వేస్తే జారినదంతా అక్కడ చేరుతుంది.

ముట్టడి అంటే మనకు నిచ్చెనలు, ఫిరంగులు గుర్తుకొస్తాయి. నిజానికి అది ఓపిక పందెం. కొండవీటికన్నా ముందు రాయలు ఉదయగిరిని పట్టడానికి ఏడాదిన్నర కూర్చోవలసి వచ్చింది. పైన నీరూ గింజా ఉన్నంతకాలం కింద ఉన్నవాడు చేసేదేమీ లేదు.

మీకు పనికొచ్చేది మరొకటి చెబుతాను. కొండ కిందనే ఫిరంగిపురం దగ్గర సంతానసాగరమనే చెరువును 1409లో తవ్వించింది పెదకోమటి వేముడి రాణి సూరాంబ. ఆ చెరువుకు నీరు పారించడానికి కొడుకు రాచవేముడు కాలువ తవ్వించి దానికి జగనొబ్బగండ కాలువ అని తన బిరుదు పేరు పెట్టుకున్నాడు. ఫిరంగిపురం, అమీనాబాదు శాసనాలు ఈ సంగతులే చెబుతాయి. అదే రాచవేముడు పురిటి మీద కూడా పన్ను వేసి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని జనంలో కథ. కాలువ శాసనంలో ఉంది, పన్ను నోటిమాటగా ఉంది. రెండూ ఇన్నాళ్ళు నిలిచాయి.

కొండ మీది పాత చెరువుల పూడిక జేసీబీతో తీయించాలని ఉత్సాహపడేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. దయచేసి ఆగండి. చెరువు అడుగున పూడిక పొరలు పొరలుగా ఉంటుంది. అందులో కుండపెంకులు, విరిగిన గాజులు, ఒక్కోసారి నాణేలు దొరుకుతాయి. ఏ పొరలో ఏది దొరికిందో రాసుకోకపోతే అది మట్టే. పైగా లోపలి వైపు కట్టకు ఆనించిన రాతి పేర్పును జేసీబీ పన్ను ఒక్కసారి తగిలి లాగిందంటే మరుసటి వానకు కట్టే ఉండదు.

ప్రశ్న: మా ఊరి నడుమ పాత బురుజు ఉంది. వానలకు ఒక పక్క రాళ్ళు జారాయి. కుర్రాళ్ళం చందాలు వేసుకుని సిమెంటు పూత వేయించబోతే, ఊరికి వచ్చిన ఒక ఇంజినీరు వద్దన్నాడు. సున్నం వాడాలట. గట్టిగా నిలబెట్టడానికే కదా సిమెంటు వచ్చింది?
— ఒక యువజన సంఘం సభ్యుడు, యాదాద్రి భువనగిరి జిల్లా

ఆ ఇంజినీరు మళ్ళీ వస్తే నా లెక్కలో ఒక టీ తాగించండి బాబూ.

ముందు మీ బురుజు లోపల ఏముందో చూద్దాం. బయటికి చెక్కిన రాళ్ళ వరస, లోపలివైపు ఇంకో వరస, నడుమ మట్టి, రాతి ముక్కలు, కాస్త సున్నం. కోట గోడ కజ్జికాయ లాంటిది: కంటికి కనిపించేది తొడుగు, దినుసంతా లోపల. గోడ నెత్తిన పగులు పడితే వాన నీరు ఆ దినుసులోకి దిగుతుంది. సున్నాన్ని కరిగిస్తుంది, మన్నును కిందికి కడుగుతుంది. పైన ఖాళీ, కింద బరువు. తడిసినప్పుడల్లా కింది మన్ను ఉబ్బి ముఖం రాళ్ళను బయటికి నెడుతుంది. మీ బురుజు రాళ్ళు జారింది బయటి నుంచి ఎవరో లాగినందుకు కాదు, లోపలి నుంచి తోసినందుకు.

ఇప్పుడు దాని మీద సిమెంటు పూశారనుకోండి. ఎండకు రాయి సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. సున్నం అతుకు మెత్తనిది, ఆ కదలికకు సర్దుకుంటుంది. సిమెంటు మొండిది. సర్దుకోలేక రాయి అంచు వెంట వెంట్రుకవాసి సందు ఇస్తుంది. ఆ సందులోంచి నీరు లోపలికి పోతుంది గానీ, తిరిగి ఆవిరై బయటికి రావడానికి దారి దొరకదు. సున్నమైతే తడిని పీల్చి ఎండకు వదిలేస్తుంది. ఇసుకరాయి, ఇటుక లాంటి మెత్తని కట్టడాల్లో సిమెంటు చేటు వెంటనే బయటపడుతుంది: ముఖం పెచ్చులూడుతుంది. మన నల్లరాతి గోడల్లో ముఖం నిక్షేపంలా ఉంటుంది, లోపల డొల్ల అవుతుంది. అందుకే మీకు నమ్మకం కలగదు. కొన్ని వానకాలాలు ‘చూశారా, చెక్కు చెదరలేదు’ అంటారు. ఒక రాత్రి మొత్తం దిగిపోతుంది. నేను పని చేసిన ఒక దుర్గంలో అలా కూలిన బురుజును శుభ్రం చేస్తే, పాత రాళ్ళన్నీ చెల్లాచెదరై ఉన్నాయి. వాటి మధ్య సిమెంటు పూత మాత్రం మంచమంత పలకలుగా, పగుళ్ళు లేకుండా పడి ఉంది. దాని వెనక అంటిన మన్ను అప్పటికీ తడిగానే ఉంది.

సున్నం అంటే కిరాణా కొట్లో సంచుల్లో అమ్మే వెల్ల సున్నం కాదు. సున్నపురాయిని బట్టీలో కాల్చితే రాతి సున్నం వస్తుంది. నీళ్ళలో వేస్తే కుతకుతలాడుతూ ఉడుకుతుంది. ఆ సమయంలో తొట్టి మీదికి వంగి చూడకండి, చుక్క కంట్లో పడితే కన్ను పోతుంది. ఉడికాక జల్లెడ పట్టి, నీటి అడుగున కొన్ని వారాలు నిల్వ ఉంచాలి. ఎంత నిల్వ ఉంటే అంత మెత్తబడుతుంది. తరవాత ఇసుక, ఇటుక పొడి కలిపి గానుగలో తిప్పాలి. రాతి కాలువ గుండ్రంగా, అందులో రాతి చక్రం, దానికి కట్టిన ఎద్దులు: మీ తాతలు ‘డంగు సున్నం’ అన్నది ఇలా తయారైనదే. ఇప్పుడు మోటారు గానుగలున్నాయి, ఎద్దుల కోసం వెతకనక్కరలేదు. ఇటుక పొడి ఎందుకంటే, ఒట్టి సున్నం గాలి తగిలితేనే గట్టిపడుతుంది. ఇటుక పొడి కలిస్తే తడిలో కూడా పట్టు వస్తుంది. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోస్తారు. పాకం సాఫీగా వస్తుంది, తొందరపడి ఎండదు. గుడ్డు సొన, మినప్పప్పు అంటూ ఇంకా చాలా చెబుతారు. ముందు సున్నం సరిగా ఉడికించండి, ఆ తరవాత మినుముల సంగతి చూద్దాం.

పదును చూడటానికి పరికరం అక్కరలేదు. తాపీ మీద ముద్ద తీసుకుని తాపీని బోర్లించాలి. ముద్ద జారకుండా అంటిపెట్టుకుని ఉండాలి, విదిలిస్తే అంచు శుభ్రంగా వదలాలి. రాళ్ళను ముందు బాగా తడపాలి, లేకపోతే పాకంలోని నీటిని రాయి లాగేసుకుని సున్నం పొడిపొడిగా రాలుతుంది. అతుకు పెట్టాక తడి గోనెలు కప్పి కనీసం రెండు వారాలు ఆరనివ్వకూడదు. పని నచ్చిందో లేదో నెల తరవాత ఇలా చూడండి: మీ ఊరి హైస్కూలు లాబ్‌లో ఫినాఫ్తలీన్ చుక్కలుంటాయి. అతుకులో ఒక మూల చిన్న పెచ్చు తీసి చుక్క వేయండి. గులాబీ రంగు వస్తే అక్కడ సున్నం ఇంకా పచ్చిగానే ఉంది. రంగు రాకపోతే గాలి పీల్చుకుని మళ్ళీ సున్నపురాయి అయిపోయింది. మొదట్లో పైపైన తెల్లగా, లోపల గులాబీగా ఉంటుంది. కంగారు పడకండి, సున్నం తాపీగా పని చేస్తుంది.

ఇదంతా రెండో పని. మొదటి పని బురుజు నెత్తి మీద. అక్కడి తుప్పలు తీసి, ఇటుక ముక్కలు సున్నం కలిపి దిమ్మిసతో కొట్టి, నీరు ఒక పక్కకు జారేలా వాలు ఇవ్వండి. డబ్బు దానికే సరిపోతే అక్కడితో ఆగండి. జారిన రాళ్ళు మాత్రం ఇళ్ళకు పోనివ్వకండి. పడిన చోటే ఫొటో తీసి, వరస తెలిసేలా సుద్దతో నంబర్లు వేసి పక్కన పేర్చండి. మొదలుపెట్టే ముందు బురుజు రక్షిత కట్టడాల జాబితాలో ఉందేమో వారసత్వ శాఖను కాగితం మీద అడగండి. ఉంటే అనుమతి లేకుండా తాపీ కూడా తాకించకూడదు.

ప్రశ్న: మీరు పాతకాలపు మనిషిలా రాశారు. ఫ్రాన్సులో కార్కసోన్ చూశాను. కొండ మీద కోట మొత్తం బురుజులు, కప్పులతో కొత్తదానిలా ఉంది. లక్షల మంది వస్తున్నారు. కొండవీటిని అలా ఎందుకు కట్టకూడదు? మాలాంటి ప్రవాసులు డబ్బు ఇస్తారు.
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

పాతకాలపు మనిషినే, కాదనను. మీరు చూసిన కార్కసోన్ మాత్రం మీరనుకున్నంత పాతది కాదు. 19వ శతాబ్దం నడిమికి అదీ శిథిలమే. 1853 నుంచి వియొలే ల్యూ ద్యుక్ అనే వాస్తుశిల్పి దాన్ని తిరిగి కట్టించాడు. మీరు మురిసిపోయి ఫొటోలు తీసుకున్న ఆ నీలి పలకల మొనదేలిన కప్పులు ఫ్రాన్సు ఉత్తరాది వాడుక. కార్కసోన్ ఉన్నది దక్షిణాన, అక్కడ కప్పులు పల్చని వాలుతో పెంకులవి. తరవాతి కాలంలో కొన్ని బురుజుల మీద పలకలు తీసి పెంకులు వేశారు. ఆయన ప్రతిభావంతుడే. కానీ చూసేవాడికి ఏది పాతదో ఏది ఆయన ఊహో తెలియకుండా పోయింది.

దీనికి సరిజోడు జర్మనీలో ఉంది. నెకర్ నది పక్కన కొండవాలులో హైడెల్‌బర్గ్ కోట. 1689లో, మళ్ళీ 1693లో ఫ్రెంచి సైన్యం దాన్ని పేల్చింది. మిగిలినదాన్ని బాగు చేసుకుంటే 1764లో పిడుగు పడి కాలిపోయింది. ఊరివాళ్ళు ఇళ్ళకు రాళ్ళు మోసుకుపోవడం మొదలుపెట్టారు. ఆ దోపిడీని ఆపినవాడు షార్ల్ ద గ్రైమ్‌బేర్ అనే ఫ్రెంచి దొర! 1810లో అక్కడికి వచ్చి, తనంత తాను కోటకు కాపలా కాశాడు. పేల్చినవాళ్ళ దేశం మనిషే కాపాడటం నాకు భలే ముచ్చటగా ఉంటుంది. తరవాత ఆ శతాబ్దం చివర, కోటనంతా తిరిగి కట్టాలా వద్దా అని జర్మనీ మొత్తం వాదులాడుకుంది. ఫ్రీడ్రిష్ భవనాన్ని 1897 నుంచి 1900 వరకు బాగు చేశారు. అది చూశాక, పక్కనున్న ఒట్‌హైన్రిష్ భవనానికి కూడా కప్పు వేద్దామన్నారు. గియోర్గ్ డేహియో అనే కళాచరిత్రకారుడు అడ్డం పడ్డాడు. ఉన్నదాన్ని నిలబెట్టండి, లేనిదాన్ని పుట్టించకండి అని ఆయన వాదన. ఆ భవనానికి ఇప్పటికీ కప్పు లేదు, కిటికీల్లోంచి ఆకాశం కనిపిస్తుంది. మీ లక్షల మంది లెక్కకు వస్తే, హైడెల్‌బర్గ్‌కు జనం తక్కువేమీ రారు.

కొండవీటి మేడలకు ఏ నక్షా చూసి కప్పు వేస్తారు? కర్రదా, గచ్చుదా? ఎన్ని అంతస్తులు? ఎవరో ఒకరు కంప్యూటర్‌లో బొమ్మ గీస్తారు, దానికి హంపి నుంచి ఒక తోరణం, గోల్కొండ నుంచి ఒక మినారు తెచ్చి అతికిస్తారు. అది సినిమా సెట్టు. పాత కట్టడాలను ఎలా కాపాడాలో చెప్పే 1964 నాటి వెనిస్ ఒడంబడిక అనేది కూడా ఇదే: ఊహ మొదలయ్యే చోట పని ఆగాలి.

తిరిగి కట్టడం ఎప్పుడూ తప్పని కాదు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మంటపాన్ని 2006 ప్రాంతంలో విప్పి, రాళ్ళకు నంబర్లు వేసి, పునాది మళ్ళీ పోసి పేర్చారు. 2024 మార్చిలో తెరిచారు. శ్రీశైలం ప్రాజెక్టు నీటిలో మునిగే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి నిలబెట్టారు. అక్కడ రాళ్ళున్నాయి, అవి ఎక్కడివో తెలుసు. కొండవీట మేడల రాళ్ళు ఏ పొలం గట్టుకు పోయాయో!

డబ్బు ఇవ్వాలనిపిస్తే పది మంది కుర్రాళ్ళకు సున్నం పని నేర్పించడానికి ఇవ్వండి. గోడ కట్టే మేస్త్రీలు వీధికొకరున్నారు, డంగు సున్నంతో అతుకు పెట్టగలిగినవాళ్ళ కోసం జిల్లాలు తిరగాలి. దానికి శిలాఫలకం వేయరని మాత్రం ముందే చెబుతున్నాను.

ప్రశ్న: కోట గోడల మీద రావి మొక్కలు పెరిగిపోతున్నాయి. మా ఎన్‌ఎస్‌ఎస్ బృందం వెళ్ళి పీకేస్తే సరిపోతుందా?
— డిగ్రీ విద్యార్థిని, గుంటూరు

వేలెడంత మొక్కయితే అధికారుల అనుమతితో పీకేయండి, పుణ్యం. మణికట్టంత లావయ్యాక పీకకండి తల్లీ. అప్పటికి వేరు గోడ లోపల ఎన్ని రాళ్ళను చుట్టుకుని ఉందో తెలియదు. మొక్కతో పాటు గోడా వస్తుంది.

రావి, మర్రి, జువ్వి విత్తనాలను పక్షులు తెచ్చి పోస్తాయి. సున్నం రాలిన సందు, కాస్త తేమ చాలు. పెద్దదాన్ని మొదట్లో నరికి, కోత పచ్చిగా ఉండగానే మొద్దుకు మందు పట్టించి చంపాలి. చచ్చిన వేరు లోపలే ఉంటుంది. కొన్నాళ్ళకు అది కుళ్ళి సొరంగం మిగులుతుంది, నీటికి రాజమార్గం. కాబట్టి దాన్ని సున్నపు పాలతో నింపాలి. గోడకు చిన్న గొట్టాలు పెట్టి కింది నుంచి పైకి, వరస వరసగా, ఒత్తిడి లేకుండా పోస్తాం. కారిన చోట బంకమన్ను అద్దుతాం. పై నుంచి ఒకేసారి పోస్తే ఆ బరువుకే గోడ విచ్చుకుంటుంది.

ఇంగ్లండులో కొన్ని శిథిలాల గోడల నెత్తిన గడ్డిని ఉద్దేశపూర్వకంగా పరుస్తున్నారు. మంచు, వాన దెబ్బ గోడకు నేరుగా తగలకుండా అది కాపాడుతుంది. మన రోహిణి కార్తెలో ఆ గడ్డి ఎండిపోయి, ఒక బీడీ ముక్కకు అంటుకుంటుంది. అక్కడి మందు ఇక్కడ పని చేయదు. నేల మీది సీతాఫలం తుప్పల జోలికి పోకండి, అవి మట్టిని పట్టి ఉంచుతాయి.

ప్రశ్న: ఒక కోట ద్వారం పైన పగులుకు అడ్డంగా చిన్న గాజు పట్టీ అంటించి, పక్కన తేదీ రాసి ఉంది. దిష్టి కోసమా?
— ఒక గృహిణి, నెల్లూరు

దిష్టి కాదమ్మా, నాడి చూడటం. పగులు పాతదై ఆగిపోయిందా, ఇంకా విచ్చుకుంటోందా అన్నది కంటితో తెలియదు. అందుకని సన్నని గాజు పట్టీ రెండు కొసలనూ పగులుకు అటొకటి ఇటొకటి గట్టిగా అంటిస్తాం. గాజు సాగదు. గోడ రవ్వంత కదిలినా పుటుక్కున విరుగుతుంది. ఏ తేదీన అంటించామో, ఏ తేదీకి విరిగి కనిపించిందో చూసుకుంటే వాన తరవాతా, ఎండల్లోనా, లారీలు తిరిగినప్పుడా అన్నది తేలుతుంది. పిల్లలు దాన్ని గోటితో గీకి ఊడదీస్తారు. ఆరు నెలల కబురు అక్కడితో పోతుంది. మీ పిల్లలకు చెప్పండి.

ప్రశ్న: కొండవీట గుప్తనిధులున్నాయంటారు. నిజమేనా?
— పేరు వద్దన్న పాఠకుడు

పేరెందుకు వద్దన్నారో అర్థమైంది. ముట్టడిలో ఓడిన రాజు ధనం గెలిచినవాడి ఏనుగుల మీద పోతుంది, మీ కోసం నేలలో ఉండదు. నిధి వేటగాళ్ళు తవ్విన గోతులు మాత్రం నేను చూసినన్ని కోటల్లోనూ ఉన్నాయి: గుమ్మం కింద, నంది కింద, గోడ మొదట్లో. గోడ మొదట్లో గొయ్యి అంటే మరుసటి వానకు పునాదిలోకి నీరు. నిజంగానే ఏదైనా దొరికితే, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం విలువ పది రూపాయలు దాటిన ఏ నిక్షేపాన్నయినా కలెక్టరుకు తెలపాలి. అవును, పది రూపాయలే.

ప్రశ్న: గోడల మీద పేర్లు చెక్కే ప్రేమికులను ఏం చేయాలి?
— విశ్రాంత తహసీల్దారు, ఒంగోలు

కేంద్ర రక్షిత కట్టడమైతే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రంగుతో రాసినదాన్ని యాసిడ్‌తో కడగకండి, పేరుతో పాటు రాతి ముఖం కూడా పోతుంది. చెక్కినదాన్ని ఎవరూ ఏమీ చేయలేరు.

ప్రశ్న: నాకు డెబ్బై దాటాయి. ఘాట్ రోడ్డు వేశాకే జీవితంలో మొదటిసారి కొండవీడు పైకి వెళ్ళి చెరువులు చూశాను. మీలాంటివాళ్ళు ఆ రోడ్డును తిడతారని మా అబ్బాయి అన్నాడు. తిడతారా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

తిట్టనమ్మా. మీరు చూడగలిగారు, అంతకన్నా ఏం కావాలి? చూడని కోట మీద ఎవరికీ మమకారం పుట్టదు. నా గొడవ రోడ్డుతో కాదు, రోడ్డు మీద పైకి వచ్చి కిందికి దిగని సీసాలు, పొట్లాలతో. అవి నీటి దారులకు అడ్డం పడతాయి. మరొకటి: కొండ అడవి కిందికి వస్తుంది, గోడ పురావస్తువుల కిందికి, వచ్చే జనం పర్యాటకం కిందికి. నీటి తూము ఒకటి పూడితే ఎవరు తీయాలన్నది తేలేలోపు వానకాలం వెళ్ళిపోతుంది. కిందికి దిగేటప్పుడు మీ సీసా మీరు తెచ్చుకున్నారనే అనుకుంటున్నాను.

ప్రశ్న: నాకు సున్నం తెలియదు, డబ్బు లేదు, మంచి ఫోను ఉంది. నేనేం చేయగలను?
— పాలిటెక్నిక్ విద్యార్థి, నరసరావుపేట

చాలా చేయగలవు. నీకు అందుబాటులో ఉన్న కోటలో మూడు చోట్లు ఎంచుకో: ఒక బురుజు, ఒక గుమ్మం, ఒక గోడ మలుపు. ప్రతి చోటా నువ్వు నిలబడిన తావును గుర్తు పెట్టుకో, ఫలానా బండ మీద, ఫలానా చెట్టుకు ఎదురుగా అని కాగితం మీద రాసుకో. మృగశిర రాకముందు ఒకసారి, దీపావళి వెళ్ళాక ఒకసారి, అక్కడే నిలబడి, అదే ఎత్తులో ఫొటో తియ్యి. పొద్దున్నే తియ్యి, ఏటవాలు వెలుతురులో గోడ ఉబ్బు నీడ పడి తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం తీస్తే ఏమీ కనిపించదు. గోడకు ఒక మీటరు కర్ర ఆనించి తీస్తే మరీ మంచిది. గోడ ఎక్కకు. నువ్వు ఫొటోలో ఉండనక్కరలేదు.

రెండేళ్ళ ఫొటోలు పక్కపక్కన పెడితే ఏ రాయి జారిందో, ఏ పగులు పెరిగిందో నాలాంటివాడు అరగంటలో చెప్పగలడు. మరమ్మతుకు అంచనా వేసేవాళ్ళ దగ్గర సాధారణంగా ఉండనిది ఇదే. ఒక ప్రతి పురావస్తు శాఖకు, ఒకటి మీ కాలేజీ సివిల్ విభాగానికి ఇవ్వు.

దేవరకొండ, రాచకొండ దుర్గాల గురించి వచ్చిన ఉత్తరాలకు వచ్చే నెల జవాబు రాస్తాను. రాచకొండలో సున్నం లేని గోడల గురించి అడిగిన నల్గొండ పాఠకుడు ఒక ఫొటో కూడా పంపితే బాగుండేది. ఇంకా సమయం ఉంది.